మంచు దారిలో ఒంటరి మనిషి

యాత్రా రచనల్లో ఈమధ్య ఒక మాటకు చాలా విలువ పెరిగింది. "ఒంటరిగా" అన్నది ఆ మాట. ఒంటరిగా అలాస్కా వెళ్ళాను, ఒంటరిగా ఉత్తర ధ్రువవలయం దాటాను, ఒంటరిగా సైబీరియా మంచులో రెండువేల కిలోమీటర్లు బండి నడిపాను! పుస్తకాల అట్టల మీదా, సినిమాల్లోనూ, మన పిల్లలు ఫోన్లలో చూసే యాత్రా దృశ్యాల్లోనూ ఈ మాటే మొదట కంటబడుతుంది. వెళ్ళిన చోటు ఎక్కడ, అక్కడ బతికే మనుషులెవరు అన్న ప్రశ్నల కంటె, తోడు లేకుండా వెళ్ళడమన్నదే ముఖ్యమైపోయింది.

ఈ రచనలకు ఒక మూస కూడా ఏర్పడింది. కథానాయకుడికి పట్నం మీద విసుగు పుడుతుంది. ఉద్యోగం వదులుతాడు, లేదా సెలవు పెడతాడు. బండికి రెండు అదనపు టైర్లు, నాలుగు పెట్రోలు డబ్బాలు కట్టుకుంటాడు. ఉత్తరానికి పోయినకొద్దీ చెట్లు పొట్టివవుతాయి, తరవాత లేకుండానే పోతాయి. వేసవి అయితే సూర్యుడు అస్తమించడు, శీతకాలమైతే ఉదయించడు. ధ్రువవలయం దగ్గర పాతిన పలక పక్కన నిలబడి ఫోటో తీసుకుంటాడు. అక్కడ అతనికి తానెవరో తెలిసివస్తుంది. దారిలో పెట్రోలు పోసినవాడు, వేడి సూపు పెట్టిన ఆవిడ, తెల్లవారుజామున లేచి రోడ్డు మీద మంచు తోసినవాడు తలా ఒక పేరాలో కనిపించి, అతని ఆత్మజ్ఞానానికి దారి ఇచ్చి తప్పుకుంటారు.

నేను ఈ రచనలను ఏవగించుకునేవాణ్ణి కాను. నిజం చెప్పాలంటే వాటిని ఆశగా చదువుతాను. ముప్ఫయి ఏళ్ళు గుంటూరు జిల్లాలో పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. నేను చూసిన ఉత్తరం హిమాలయాల పాదాల దగ్గరే ఆగిపోయింది. మే నెల వడగాలిలో తలుపులు మూసుకుని, మంచు మీద నడిచే మనిషి కథ చదవడంలో వున్న సుఖం నాకు తెలుసు. ఆ సుఖాన్ని దాచిపెట్టి విమర్శ రాస్తే అది కపటం అవుతుంది.

కిందటి చలికాలంలో మా అధ్యయన మండలిలో జాన్ క్రాకౌర్ రాసిన "ఇన్‌టు ది వైల్డ్" మీద చర్చ పెట్టుకున్నాం. మొదట మాట్లాడే వంతు నాది. ఇలాంటి పుస్తకాలకు వేయడానికి నా దగ్గర ఒక పాత ముద్ర సిద్ధంగా వుంది: బూర్జువా వ్యక్తివాదం. ఆ ముద్ర కొట్టేసి కూర్చున్నాను. బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకతె లేచింది. "మాస్టారూ, మీరు రాత్రి పదింటికి ఒక్కరే బస్టాండుకు పోయి టీ తాగి రాగలరు. ఎక్కడికని మిమ్మల్ని ఎవరూ అడగరు. మేం పక్క వూరికి ఒంటరిగా వెళ్ళాలంటే నలుగుర్ని అడగాలి. మీకు ఒంటరితనం మొహం మొత్తింది. మాకది ఇంకా దొరకనే లేదు. దొరకని దాన్ని ముందే తప్పంటారేమండీ?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచనందుకు సిగ్గుపడ్డాను కూడా. ముద్ర వేయడం విమర్శ కాదని ఇతరులకు చెప్పిన వాణ్ణే. ఇంటికి వచ్చి ఆ పుస్తకాన్నీ, ఉత్తరదేశపు ఒంటరి ప్రయాణాల మీద నా దగ్గర వున్న మరికొన్ని రచనలనూ మళ్ళీ చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

క్రాకౌర్ పుస్తకం 1996లో వచ్చింది. అందులోని క్రిస్ మెకాండ్లెస్ కల్పిత పాత్ర కాదు. కలిగిన కుటుంబంలో పుట్టిన అమెరికన్ యువకుడు. 1990లో పట్టా పుచ్చుకుని, దాచుకున్న ఇరవైనాలుగు వేల డాలర్లను ఆకలి నివారణకు పనిచేసే సంస్థకు విరాళమిచ్చి, ఇల్లు విడిచాడు. రెండేళ్ళు దేశమంతా తిరిగి, 1992 ఏప్రిల్‌లో అలాస్కా చేరి, స్టాంపీడ్ బాట వెంట అడవిలోకి నడిచాడు. అక్కడ వదిలేసిన ఒక పాత బస్సులో నాలుగు నెలలకు దగ్గరగా బతికి, ఆకలితో చనిపోయాడు. సెప్టెంబరులో వేటగాళ్ళకు అతని శవం కనిపించింది. 2007లో ఈ కథ సినిమాగా కూడా వచ్చింది. ఆ తరవాత ఆ బస్సు ఒక తీర్థమైపోయింది. దాన్ని చూడబోయిన యాత్రికులు దారిలోని నదిలో కొట్టుకుపోయి చనిపోవడం కూడా జరిగింది. చివరకు 2020 జూన్‌లో ప్రభుత్వం దాన్ని హెలికాప్టరుతో ఎత్తి తీసుకుపోయింది.

ఈ బస్సు సంగతి కొంచెం ఆలోచించండి. నాగరికతకు దూరంగా, ఏకాంతానికి గుర్తుగా లోకమంతా దాని బొమ్మ చూసింది. కాని అది అడవిలోకి ఎలా వచ్చింది? అది ఫెయిర్‌బాంక్స్ నగరంలో జనాన్ని మోసిన బస్సు. 1960 ప్రాంతాల్లో ఆ బాటను లారీలు నడిచే రోడ్డుగా మార్చడానికి ఒక కంపెనీ పని పుచ్చుకుంది. గనిలోని అంటిమొనీ ఖనిజాన్ని బయటికి తేవడం దాని ఉద్దేశం. రోడ్డు పని చేసే కూలీలు పడుకోవడానికి పాత బస్సుల్లో మంచాలూ పొయ్యీ అమర్చి, ట్రాక్టరుతో ఈడ్చుకుపోయారు. యాభై మైళ్ళ దాకా దారి పడింది. నదుల మీద వంతెనలు కట్టకముందే, మంచు కరిగి నేల కుంగడం వల్లా, వరదల వల్లా 1963లో పని ఆగిపోయింది. కూలీలు వెళ్ళిపోయారు. ఒక బస్సు మిగిలింది.

అంటే మెకాండ్లెస్ ఏకాంతం కూలీల బసలో సాగింది. అతన్ని ఎండనుంచీ వాననుంచీ కాపాడిన రేకూ, అతను వంట చేసుకున్న పొయ్యీ శ్రామికులు వదిలివెళ్ళినవి. అంతే కాదు. బాట మొదట దాకా అతన్ని తన బండిలో తీసుకువెళ్ళినవాడు యూనియన్ సభ్యుడైన ఒక ఎలక్ట్రీషియన్. వద్దు, వెనక్కి వెళ్ళిపొమ్మని నచ్చజెప్పి, వినకపోతే తన రబ్బరు బూట్లూ, తన మధ్యాహ్నపు తిండీ ఇచ్చి పంపాడు. జులైలో తిరిగి రాబోతే నది పొంగి దారి మూసుకుపోయింది. అక్కడికి అర మైలు లోపే, నది నీటిని కొలిచే సిబ్బంది కోసం అమర్చిన తీగా, చేత్తో లాగుకునే బుట్టా వున్నాయి. అతనికి తెలియదు. ఆ సంగతులు చూపించే పటం అతని దగ్గర లేదు.

క్రాకౌర్ ఈ విషయాలేవీ దాచలేదు. అతను నిజాయితీగల విలేఖరి. కాని అతని పుస్తకం బరువంతా ఒకే ప్రశ్న మీద మోపింది: ఈ యువకుడి మనసులో ఏముంది? తండ్రితో పేచీ ఏమిటి, ఏ పుస్తకాలు చదివాడు, మృత్యువును కోరుకున్నాడా? ఇవి అడగవలసిన ప్రశ్నలే. అయితే రెండో ప్రశ్న పుస్తకంలో వాక్యంగా మిగిలిందే తప్ప ప్రశ్నగా ఎదగలేదు. ఇతను ఒంటరిగా వున్నాననుకున్న ప్రతి చోటా ఎవరో ఒకరి శ్రమ ముందే వచ్చి కూర్చుని వుండడం ఏమిటి? మెకాండ్లెస్ కూడా చివరి రోజుల్లో పాస్టర్నాక్ నవల అంచున, ఆనందమన్నది పంచుకుంటేనే నిజమవుతుందన్న అర్థంతో ఒక మాట రాసుకున్నాడు. ఆ అబ్బాయిని తక్కువ చేయడానికి నేనీ మాట చెప్పడం లేదు. ధనాన్ని తృణీకరించిన మనిషి అతను. తన వర్గాన్ని వదిలాడు కాని, చేరవలసిన మనుషులెవరో కనుక్కోవడానికి అతనికి వ్యవధి చాలలేదు.

ఈ సంగతి అతనికి ఎనభై నాలుగేళ్ళ ముందే తెలిసిన రచయిత ఒకడున్నాడు. జాక్ లండన్. మనవాళ్ళు అతన్ని "ఐరన్ హీల్" నవల రాసిన సోషలిస్టుగా ఎరుగుదురు. ఆ నవల వచ్చిన 1908లోనే "టు బిల్డ్ ఎ ఫైర్" అనే చిన్న కథ కూడా అచ్చయింది. యూకాన్ ప్రాంతంలో ఒక మనిషి, వెంట ఒక కుక్క, సున్నాకు డెబ్బయి అయిదు డిగ్రీల దిగువన వున్న చలి. ఆ మనిషికి కథలో పేరు లేదు. యాభై డిగ్రీలు దిగితే ఒంటరిగా ప్రయాణం చేయవద్దని ఆ ప్రాంతంలో పండిన ఒక ముసలివాడు ముందే హెచ్చరించాడు. ఇతను నవ్వుకున్నాడు. కాళ్ళు నీళ్ళలో పడి తడుస్తాయి. చెట్టుకింద మంట వేస్తే కొమ్మల మీది మంచు జారి మంట ఆరిపోతుంది. వేళ్ళు మొద్దుబారి అగ్గిపుల్ల పట్టుకోలేడు. చనిపోతాడు. కుక్క అతని వాసన చూసి, మంటా తిండీ పెట్టే ఇతర మనుషులున్న శిబిరం దారి పడుతుంది.

ఈ కథలో ఉపన్యాసం ఒక్కటి లేదు. సోషలిజం అన్న మాట లేదు. అయినా మానవుడు సంఘజీవి అన్న విషయాన్ని ఇంతకంటె గట్టిగా చెప్పిన కథలు ఎక్కువ లేవు. ముసలివాడి సలహా అంటే ఏమిటి? ఆ నేలమీద బతికినవాళ్ళ, చచ్చినవాళ్ళ అనుభవం అంతా కలిసి ఒక వాక్యమైంది. దాన్ని కాదన్నవాడు ముసలివాణ్ణి మాత్రమే కాదనడం లేదు, సమష్టి జ్ఞానాన్ని కాదంటున్నాడు. లండన్ ఈ కథను 1902లో ఒకసారి పిల్లల కోసం రాశాడు. అందులో మనిషి బతుకుతాడు, బుద్ధి తెచ్చుకుంటాడు. ఆరేళ్ళ తరవాత తిరగరాసినప్పుడు పేరు తీసేశాడు, కుక్కను తెచ్చాడు, మనిషిని చంపాడు. నీతికథ వాస్తవిక కథగా మారింది. శిల్పం ఎందుకో తెలుసుకోగోరే యువ రచయితలు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అయితే లండన్ కంటికి కూడా పొర వుంది. 1897లో బంగారం కోసం క్లాండైక్ వెళ్ళిన వేలాది మందిలో అతనొకడు. ఆ కనుమల్లో సామాను మోసిన త్లింగిత్ ప్రజలను అతను స్వయంగా చూసినవాడే. కాని "కాల్ ఆఫ్ ది వైల్డ్" నవల చివర వచ్చే ఆదివాసి తెగ అతని కల్పన. వాళ్ళకు ముఖాలు లేవు, బతుకు లేదు. దాడి చేయడానికీ, కుక్క చేతిలో చావడానికీ వచ్చారు. తెల్ల కార్మికుడి ఆకలిని గుర్తించిన కన్ను, ఆ నేల అసలు యజమానుల దగ్గరికి వచ్చేసరికి మసకబారింది. మనకు ఇష్టమైన రచయిత గనక ఈ లోపాన్ని మనమే ముందు చెప్పాలి.

ఇక దారి సంగతికి వస్తాను. మెకాండ్లెస్ అలాస్కాలోకి వచ్చింది అలాస్కా హైవే మీద, ఎవరెవరి బండ్లలోనో ఎక్కి. ఒంటరి యాత్రికులకు ఈనాటికీ అదే పెద్ద దారి. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి చేశాక, అలాస్కాకు నేల మీదుగా దారి వుండాలని అమెరికా సైన్యం ఆ రోడ్డును 1942లో వేయించింది. పదిహేను వందల మైళ్ళకు పైగా దారి, ఎనిమిది నెలల్లో. పదివేలమందికి మించిన సైనికుల్లో మూడోవంతు దాకా నల్లజాతివారు. అప్పటి అమెరికా సైన్యంలో వాళ్ళ దళాలు వేరు, వాళ్ళ మీది అధికారులు తెల్లవాళ్ళు. దక్షిణపు వేడి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది గుడారాల్లో ఆ చలిని మోశారు. బుల్డోజర్లు బురదలో దిగబడిపోతే చెట్లు నరికి, దుంగలు పరిచి, వాటి మీద దారి తీశారు. 1942 అక్టోబరులో బీవర్ క్రీక్ దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన దళాలు కలిశాయి. అడవి చీల్చుకుని ఎదురెదురుగా వచ్చిన రెండు బుల్డోజర్లలో ఒకదాని మీద నల్ల సైనికుడు, మరొకదాని మీద తెల్ల సైనికుడు వున్నారు. ఆ తరవాత ఆరేళ్ళకు, 1948లో గాని, సైన్యంలో జాతి వివక్ష తొలగించాలన్న ఉత్తర్వు రాలేదు. ఆ దారి చరిత్రలో నల్ల సైనికులకు తగిన చోటు దొరకడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది.

దారి వెంట జబ్బులు కూడా వచ్చాయి. టెస్లిన్‌లోని త్లింగిత్ కుటుంబాలను 1942, 1943 సంవత్సరాల్లో తట్టు మొదలైన అంటురోగాలు ఒకదాని తరవాత ఒకటి పట్టుకున్నాయి. క్లువానీ సరస్సు పక్క భూములను వేట నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించి, తరతరాలుగా అక్కడ వేటాడి బతికిన దక్షిణ టుచోనీ ప్రజలను వాటికి దూరం చేశారు. మన యాత్రికుడు అక్కడికి వచ్చి, బండి ఆపి, మనిషి అడుగు పడని అడవి అని రాస్తాడు. అడుగులు పడ్డాయి. వాటిని చట్టం తుడిచేసింది. నిర్జనం అన్నది అక్కడ ప్రకృతి ఇచ్చిన గుణం కాదు, ప్రభుత్వం చేసిన పని.

ఇంకా ఉత్తరాన వున్న డెంప్‌స్టర్ హైవే కథ ఇంతకంటె తీక్ష్ణమైనది. ఏడు వందల కిలోమీటర్లకు మించిన ఆ మట్టిదారి 1979లో తెరిచారు. 1910 డిసెంబరులో నలుగురు మౌంటెడ్ పోలీసులు ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్ నగరానికి కుక్కబండ్ల మీద బయలుదేరారు. దారిలో కొన్నాళ్ళు తోవ చూపిన గ్విచిన్ మనిషిని, ఇక అవసరం లేదని నాయకుడు పంపేశాడు. తోవ తప్పారు. కుక్కల్ని తింటూ వెనక్కి తిరిగి, నలుగురూ చనిపోయారు. 1911 మార్చిలో వాళ్ళ శవాలను కనుక్కున్న అధికారి పేరు డెంప్‌స్టర్. అతనికి తోవ చూపినవాడు గ్విచిన్ జాతివాడైన చార్లీ స్టూవర్ట్. దారికి డెంప్‌స్టర్ పేరు పెట్టారు. తోవ తెలిసినవాడు ఫలకం మీదికి ఎక్కలేదు. లండన్ కథలో ముసలివాడి సలహాను తోసిపుచ్చిన మనిషి ఒంటరి. ఇక్కడ అధికారమే ఆ పని చేసింది.

ఇంతవరకు చెప్పిన మాటలు ఈ పత్రిక చదివేవారికి ఇబ్బంది కలిగించవు. అమెరికాను, కెనడాను విమర్శించడం మనకు కష్టమైన పని కాదు. ఇక్కడే వ్యాసం ముగిస్తే నలుగురూ తల వూపుతారు. కాని ఉత్తరపు దారుల్లో మరొకటుంది. మగదాన్ నుంచి యాకుత్స్క్ దాకా రెండువేల కిలోమీటర్లు. దాన్ని కొలీమా రహదారి అంటారు. ఆ ప్రాంతం వాళ్ళు పెట్టుకున్న పేరు ఎముకల దారి.

1931లో బంగారు గనుల కోసం దాల్‌స్త్రోయ్ అనే సంస్థను సోవియట్ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 1932 నుంచి ఆ దారి పని సాగింది. చేసింది ఖైదీలు. నేరస్థులు కొందరు. రైతులు, కార్మికులు, ఉపాధ్యాయులు, విప్లవం కోసం పోరాడిన కమ్యూనిస్టులు అనేకులు. గడ్డకట్టిన నేలను పారలతో, గునపాలతో, తోపుడు బండ్లతో తవ్వారు. ఆ పని మొదట నడిపించిన అధికారి బెర్జిన్‌ను కూడా 1937లో అరెస్టు చేసి, 1938లో కాల్చి చంపారు. ఒంటరి యాత్రికులు ఇప్పుడు ఆ దారి మీద కూడా వెళుతున్నారు. దారి పక్క ప్రాంతంలో వున్న ఓయ్‌మ్యకోన్‌లో 1933లో నమోదైన మైనస్ 67.7 డిగ్రీల చలిని ప్రతివాడూ గొప్పగా రాస్తాడు. ఆ 1933లోనే ఆ చలి నేలమీద ఖైదీలు దారి తవ్వుతున్నారన్నది చాలామంది రాయరు. కొందరికి ఎముకల దారి అన్న పేరు కూడా సాహసానికి అలంకారమే అయింది.

వాళ్ళను తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పుకోవాలి. మాస్కోలో అచ్చయి, చవక ధరకు మనకు అందిన తెలుగు పుస్తకాలతో పెరిగినవాణ్ణి నేను. గోర్కీ, చేహోవ్ నాకు ఆ అట్టల్లోనే పరిచయం. వాటికి నేను ఎప్పటికీ రుణపడి వుంటాను. వాటిలో కొలీమా లేదు. లేదని తెలిశాక కూడా చాలాకాలం, అది శత్రువుల ప్రచారమని సమాధానపడ్డాను. అలాస్కా దారిలో శ్రామికుణ్ణి వెతికిన కళ్ళు కొలీమా దారి దగ్గర ఎందుకు మూసుకున్నాయి? రోడ్డు వేసినవాడి పక్షాన నిలబడడమే మన విమర్శకు ప్రాణం అయితే, ఆ రోడ్డు మీద ఏ జెండా ఎగిరిందని అడిగాక పక్షం తేల్చుకోకూడదు. అలా తేల్చుకుంటే మనం చేస్తున్నది విమర్శ కాదు, వకీలు పని.

కొలీమాను రాసినవాడు వర్లామ్ షలామొవ్. 1907లో పుట్టాడు. లెనిన్ చివరి లేఖను రహస్యంగా పంచే పనిలో 1929లో అరెస్టయ్యాడు. 1937లో మళ్ళీ అరెస్టు చేసి కొలీమాకు పంపారు. 1953 దాకా అక్కడే వున్నాడు. తిరిగి వచ్చి రాసిన "కొలీమా కథలు" అతని దేశంలో పుస్తకంగా వచ్చేసరికి అతను లేడు. 1982లో చనిపోయాడు. ఆ సంపుటిలో మొదటి కథ మన విషయానికే చెందింది. కథ అనడం కూడా ఎక్కువే, పేజీ దాటదు. అడుగు పడని మంచులో దారి ఎలా తొక్కుతారన్నదే ఇతివృత్తం. గాలి లేని రోజు చూసుకుని ఒకడు ముందు నడుస్తాడు. చెమటలు కక్కుతూ, తిట్టుకుంటూ, మెత్తటి మంచులో కూరుకుపోతూ పోతాడు. అతని వెనక అయిదారుగురు భుజం భుజం కలిపి వస్తారు. వాళ్ళు అతని అడుగుల్లో అడుగు వేయకూడదు, పక్కన కొత్త మంచు తొక్కాలి. అలా తొక్కితేనే బండి పోయే దారి అవుతుంది. ముందువాడు అలసిపోతే మరొకడు అతని స్థానానికి వస్తాడు. అందరికంటె బలహీనుడు కూడా తన వంతు కొత్త మంచు తొక్కాలి. చివరి వాక్యాల్లో రచయిత ఒక్క మాటతో ఇదంతా రచనకు వర్తింపజేస్తాడు. ట్రాక్టర్ల మీదా గుర్రాల మీదా వచ్చేది పాఠకులు, రచయితలు కారు.

నేను చదివిన ఉత్తరదేశపు రచనల్లో ఇంతకంటె గొప్పది లేదు. ముందు నడిచినవాడు ఒంటరే. అతని కష్టాన్ని షలామొవ్ తగ్గించలేదు. కాని అతనొక్కడే నడిస్తే మిగిలేవి గుంటలు, దారి కాదు. దారి కావాలంటే పక్కవాడు కావాలి. వ్యక్తినీ సమష్టినీ ఎదురెదురుగా నిలబెట్టి మనం ఎన్ని వాదాలు చేశాం! ఖైదీల శిబిరంలో నలిగిన మనిషి ఆ రెంటినీ ఒక్క పేజీలో కలిపి చూపాడు. మనల్ని ద్వేషించడానికి అతనికి కారణాలు చాలా వున్నాయి. అయినా అతని నుంచి మనం నేర్చుకోవలసింది వుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ఒంటరిగా వెళ్ళడం తప్పా? కాదు. నా పొరపాటు ఎక్కడ వుందంటే, ఒంటరిగా వెళ్ళడాన్నీ, ఒంటరిగా వున్నట్టు రాయడాన్నీ ఒకే గాట కట్టాను. అవి రెండూ వేరు. అడుగడుగునా కాపలా కాసే ఇంట్లోంచి, కులం అడిగే వీధిలోంచి ఒక మనిషి ఒంటరిగా బయటపడితే అది స్వేచ్ఛ. దాన్ని వ్యక్తివాదమనేవాడు స్వేచ్ఛ ముందే దక్కినవాడు. అది నా విషయంలో నిజమని ఒప్పుకుంటున్నాను. విమర్శించవలసింది రెండో దాన్ని. వెళ్ళినవాడు ఎందరి శ్రమ మీదనో నడిచి, వాళ్ళను కాగితం మీద లేకుండా చేయడాన్ని.

ఒంటరిగా వెళ్ళి, అందర్నీ రాసినవాడు ఒకడున్నాడు. 1890 ఏప్రిల్‌లో ముప్ఫయి ఏళ్ళ చేహోవ్, క్షయ సోకిన దేహంతో, సఖాలిన్ దీవికి బయలుదేరాడు. సైబీరియా రైలుమార్గం అప్పటికి మొదలుకూడా కాలేదు. గుర్రపు బండ్ల మీద వేల కిలోమీటర్లు, పొంగే నదుల గుండా, ఎముకలు కదిలిపోయే దారిలో వెళ్ళాడు. అక్కడ మూడు నెలలు వుండి, ఖైదీల గుడిసెలకూ ప్రవాసుల ఇళ్ళకూ తిరిగి, సుమారు పదివేల కార్డులు నింపాడు. పేరు, వయసు, ఎక్కడివాడు, చదువు వచ్చా రాదా, ఇవే ప్రశ్నలు. 1895లో "సఖాలిన్ దీవి" పుస్తకంగా వచ్చింది. అందులో చేహోవ్ ఆత్మజ్ఞానం ఎక్కడా కనబడదు. రాళ్ళు మోసే మనుషులు కనబడతారు. అతను వెళ్ళింది తన్ను తాను వెతుక్కోవడానికే అయివుండవచ్చు. దొరికినవి మాత్రం పదివేల పేర్లు.

మన ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్ళి, మరుసటి ఏడు తిరిగివచ్చాడు. ఆయన కోర్టులో దుబాసీ, పల్లకీలో వెళ్ళిన పెద్దమనిషి. "కాశీయాత్ర చరిత్ర"లో అభ్యుదయాన్ని వెతకడం నా ఉద్దేశం కాదు. కాని ఆయన ఒంటరిగా వెళ్ళానని అనలేదు. వెంట వచ్చిన పరివారం, పల్లకీ మోసిన బోయీలు, ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, ఏ దారి ఇసుక, ఏ దారి రాయి అన్నీ రాసిపెట్టాడు. మోసినవాళ్ళను చూడకుండా ప్రయాణం రాయడం సాధ్యమన్న సంగతి ఆయనకు తోచి వుండదు. ఆ విద్య మోటారు బండితో వచ్చింది. బోయీ కనిపిస్తాడు. రోడ్డు వేసినవాడు ముందే వచ్చి వెళ్ళిపోయి వుంటాడు.

యాత్రా రచయితలందరూ కూలీల లెక్కలు రాయాలని నేను అనడం లేదు. అంకెలు పేర్చితే నివేదిక అవుతుంది, సాహిత్యం కాదు. లండన్ కథలో వున్నది ఒక్క ముసలివాడు. షలామొవ్ కథలో ఆరేడుగురు. అంతే చాలు. కావలసింది చూపు. ఈ దారి ఎవరు వేశారు? ఈ నేల నుంచి ఎవరిని పంపేశారు? నా చేతిలోని మంట ఎవరిచ్చింది? రచయిత ఈ ప్రశ్నలు తనను అడుగుకుని రాస్తే, ఆ జవాబులు పుస్తకంలో కనబడకపోయినా వాక్యం తీరు మారుతుంది. గర్వం తగ్గుతుంది. మంచు మరింత మంచుగా కనిపిస్తుంది.

పరీక్షలయ్యాక తాను లేహ్‌కు ఒంటరిగా వెళతానని ఆ అమ్మాయి మొన్న చెప్పింది. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదట. మన ఉత్తరపు దారుల్ని కూడా జార్ఖండ్‌లోని దుంకా వైపు నుంచి వచ్చే కూలీలు తారు కాచి, రాయి కొట్టి నిలబెడుతున్నారు. 2020 మే నెలలో లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన అరవైమందిని లేహ్ నుంచి విమానంలో రాంచీకి తీసుకువస్తే గాని, వాళ్ళక్కడున్నారని దేశంలో చాలామందికి తెలియలేదు. వెళ్ళి రమ్మని ఆ అమ్మాయికి చెప్పాను. ఒంటరిగానే వెళ్ళు, దారిలో రాయి కొట్టేవాళ్ళు కనిపిస్తే బండి ఆపి వాళ్ళ వూరి పేరు అడుగు అన్నాను. "అడుగుతాను మాస్టారూ, కాని వచ్చి రాసేది మీరు చెప్పినట్టు కాదు, నేను చూసినట్టు" అంది. విమర్శకుడు కోరవలసింది కూడా అంతే.